ప్యానెల్ మొత్తం పాజిటివ్ వచ్చినప్పుడు: సీక్వెన్సింగ్‌కి ముందు ఏం చేయాలి, తర్వాత ఏం చూడాలి

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ. ఫైబ్రాయిడ్ ఆపరేషన్ కోసం చిత్తూరు వైపు నుంచి బెంగళూరు వచ్చిన 34 ఏళ్ల ఆవిడ. ఓ పాజిటివ్, హిమోగ్లోబిన్ 7.8, రెండు కాన్పులు, ఇంతవరకు రక్తం ఎక్కించుకోలేదు. దాతల కణాలతో ప్లాస్మాలోని యాంటీబాడీని వెతికే ఐఏటీ పరీక్షలో మూడు కణాల స్క్రీన్, పదకొండు కణాల ప్యానెల్ అన్నీ 2+ (ఓ మోస్తరు గట్టి రియాక్షన్). ఆటో కంట్రోల్ (ఆవిడ సొంత కణాలతో అదే పరీక్ష) నెగటివ్, డీఏటీ (ఆవిడ కణాలకి ఇప్పటికే యాంటీబాడీ అతుక్కుందా అని చూసేది) నెగటివ్. ఆపరేషన్ మూడు వారాల్లో. నేరుగా హోల్ జీనోమ్‌కి (మొత్తం డీఎన్‌ఏ చదవడానికి) పంపాలా, ఎక్సోమ్ (ప్రోటీన్ కోడ్ ఉన్న భాగాలు మాత్రమే) సరిపోతుందా అన్నది మీ సందేహం.

ఇప్పుడే రెండూ వద్దండి. రిఫరెన్స్ జీనోమ్‌తో పోల్చితే ఏ మనిషి జీనోమ్‌లోనైనా 40 నుంచి 50 లక్షల తేడాలు కనబడతాయి. ఏ జీన్‌లో వెతకాలో తెలియకుండా ఆ ఫైల్ తెరిస్తే అనుమానాలు పెరుగుతాయే తప్ప జవాబు రాదు. అంతర్జాతీయ రక్తమార్పిడి సంఘం ఐఎస్‌బీటీ లెక్కలో 2025 నాటికి 48 బ్లడ్ గ్రూప్ వ్యవస్థలున్నాయి. రెండు రోజులు సీరాలజీ (కణాలు, యాంటీబాడీల పరీక్షలు) బెంచి మీద గడిపితే ఆ 48లో మిగిలేవి మూడో నాలుగో. అప్పుడు సీక్వెన్సింగ్ చవకా అవుతుంది, రిపోర్టు చదవడమూ తేలికవుతుంది.

ఆటో కంట్రోల్ నెగటివ్‌గా ఉండి ప్యానెల్ మొత్తం పాజిటివ్ అంటే, దాదాపు అందరి ఎర్ర కణాల మీదా ఉన్నదేదో ఈవిడ కణాల మీద లేదు. రక్తం ఎక్కించలేదు కాబట్టి కాన్పుల్లో బిడ్డ కణాలు తగిలి యాంటీబాడీ పుట్టి ఉండొచ్చు, లేదా అది సహజంగానే ఉన్నది కావచ్చు. ఆ రెండో అవకాశం వల్లే ముందుగా బాంబే గ్రూపును, అంటే మామూలు ఓ కణాల మీద ఉండే హెచ్ యాంటిజెన్ (కణం మీది గుర్తు) కూడా లేని రకాన్ని, తోసిపుచ్చాలి. 1952లో భెండే బృందం ముంబైలో కనుక్కున్నది ఇదే. ఫార్వర్డ్ గ్రూపింగ్‌లో అచ్చం ఓ లాగే కనబడుతుంది. హెచ్‌ని పట్టుకునే యూలెక్స్ యాంటీ హెచ్ లెక్టిన్ ఒక చుక్క వేస్తే ఐదు నిమిషాల్లో తేలిపోతుంది. బాంబే అయితే గది ఉష్ణోగ్రతలోనే ఓ కణాలన్నీ గట్టిగా గడ్డకడతాయి. మీ రియాక్షన్లు ఐఏటీలో మాత్రమే 2+ కాబట్టి బాంబే కాకపోవచ్చు, అయినా లెక్టిన్ వేయకుండా ముందుకు పోకండి. రెండోది, మందుల చీటీ అడిగి చూడండి. మైలోమాకి ఇచ్చే డారాటుముమాబ్ ఎర్ర కణాల మీది సీడీ38కి అతుక్కుని ప్యానెల్ మొత్తాన్ని పాజిటివ్ చేస్తుంది. ఫైబ్రాయిడ్ కేసులో అది ఉండదనుకోండి, కానీ అడగడానికి ఖర్చేమీ లేదు.

తర్వాత ప్యానెల్ కణాల్ని నాలుగు రకాలుగా ట్రీట్ చేసి అదే ప్లాస్మాతో మళ్లీ పరీక్షించండి: పపైన్, ట్రిప్సిన్, ఆల్ఫా కైమోట్రిప్సిన్ అనే మూడు ఎంజైములు, డీటీటీ అనే రసాయనం. ఏది ఏ యాంటిజెన్‌ని చెరిపేస్తుందో దాన్నిబట్టి దారి తెలుస్తుంది. నాలుగింటితోనూ రియాక్షన్ పోతే ఇండియన్ అనే బ్లడ్ గ్రూప్ వ్యవస్థ, అంటే సీడీ44 జీన్, ముందు వరుసలోకి వస్తుంది. ఇండియన్ బి నెగటివ్ మన ఉపఖండంలో వెతకదగ్గ రకమే. డీటీటీతో మాత్రమే పోతే కెల్ వైపు చూడండి. పపైన్‌ని తట్టుకుని, మిగిలిన మూడింటితో పోతే లూథరన్. పపైన్‌నీ ట్రిప్సిన్‌నీ తట్టుకుని కైమోట్రిప్సిన్‌తో పోతూ, డీటీటీతో కాస్త బలహీనపడితే క్రోమర్, అంటే సీడీ55. అన్నింటినీ తట్టుకుంటే జేఆర్, లాన్ లాంటివి, అంటే ఏబీసీజీ2, ఏబీసీబీ6 జీన్లు. పపైన్‌తో ఇంకా బలపడితే ఆర్‌హెచ్ వైపు అనుమానం పెట్టుకోండి.

డీటీటీ దగ్గరే ఎక్కువ తప్పులు జరుగుతాయి కాబట్టి పద్ధతి రాస్తాను. 0.2 మోలార్ ద్రావణం, పీహెచ్ 8.0 ఉన్న ఫాస్ఫేట్ బఫర్ సెలైన్‌లో (పీబీఎస్). కడిగి ప్యాక్ చేసిన కణాలు ఒక వంతు, డీటీటీ నాలుగు వంతులు. 37 డిగ్రీల దగ్గర 30 నుంచి 45 నిమిషాలు, మధ్యమధ్య ట్యూబు తలకిందులు చేస్తూ ఉండాలి. తర్వాత పీబీఎస్‌తో నాలుగు సార్లు కడగాలి. ద్రావణాన్ని చిన్న చిన్న వాటాలుగా (అలిక్వాట్లు) మైనస్ 20లో పెట్టి, తీసినది తీసినట్టు వాడేయాలి. కరిగించి మళ్లీ గడ్డకట్టిస్తే ఆక్సిడైజ్ అయి పనిచేయదు. అప్పుడు కెల్ చెరగదు, మీరేమో 'డీటీటీని తట్టుకుంది' అని రాసేస్తారు. అందుకే ప్రతి బ్యాచ్‌లో ఒక కె (కెల్ యాంటిజెన్) పాజిటివ్ కణాన్ని కూడా డీటీటీతో ట్రీట్ చేసి, యాంటీ కెతో నెగటివ్ అయిందని చూశాకే ఫలితం నమ్మాలి. ఎక్కువసేపు ఉంచితే కణాలు పగిలి ట్యూబు ఎర్రబడుతుంది. అలాంటి కణాలతో గ్రేడింగ్ చేయకండి.

కైమోట్రిప్సిన్‌తో మాత్రమే పోయిందనుకోండి, ప్లాస్మా న్యూట్రలైజేషన్ (ప్లాస్మాలో కరిగిన యాంటిజెన్‌తో యాంటీబాడీని చల్లార్చడం) చేయండి. సీడీ55 ప్లాస్మాలోనూ మూత్రంలోనూ కొద్దిగా కరిగి ఉంటుంది. పేషెంట్ ప్లాస్మాకి యాంటీబాడీలు లేని ఏబీ దాతల పూల్డ్ ప్లాస్మా సమానంగా కలిపి పావుగంట ఆగి పరీక్షించండి. పక్కనే అంతే సెలైన్ కలిపిన ట్యూబు తప్పనిసరి. సెలైన్ ట్యూబులోనూ రియాక్షన్ తగ్గితే అది పలచబడడం వల్లే, న్యూట్రలైజేషన్ కాదు. చిడో, రోజర్స్ అనే ఇంకో వ్యవస్థ యాంటీబాడీలు కూడా ప్లాస్మాతో చల్లారిపోతాయి, కాబట్టి ఎంజైముల ఫలితాన్ని దీనికి జోడించి చదవాలి. పపైన్ ఆ రెండింటినీ చెరిపేస్తుంది, క్రోమర్‌ని చెరపదు.

క్రోమర్ గురించి ఇంత చెప్పడానికి కారణం ఉంది. కోలార్ జిల్లాకి చెందిన 38 ఏళ్ల మహిళకి గుండె ఆపరేషన్ ముందు ఇలాగే అన్నీ కలవకుండా పోయాయి. ఇరవై మంది కుటుంబ సభ్యుల రక్తమూ సరిపోలేదు. నమూనాలు ఇంగ్లండ్ బ్రిస్టల్‌లోని అంతర్జాతీయ బ్లడ్ గ్రూప్ రిఫరెన్స్ ల్యాబ్ ఐబీజీఆర్ఎల్‌కి వెళ్లాయి. దాదాపు పది నెలల పని తర్వాత అది క్రోమర్ వ్యవస్థలో కొత్త యాంటిజెన్ అని తేలి, 2025 జూన్‌లో మిలాన్ ఐఎస్‌బీటీ సభలో 'క్రిబ్' అన్న పేరుతో ప్రకటించారు. క్రోమర్, ఇండియా, బెంగళూరు కలిపి పెట్టిన పేరది. చిత్తూరుకీ కోలార్‌కీ మధ్య ఎంత దూరమో మీకు తెలుసు. అంతమాత్రాన మీ పేషెంటుదీ అదే అనుకోవద్దు, కానీ జాబితాలో పైన పెట్టుకోండి.

నమూనాలు ఈరోజే తీసి పెట్టుకోండి, పరీక్షల వరస తర్వాత. 3 మిల్లీలీటర్ల ఈడీటీఏ (రక్తం గడ్డకట్టనివ్వని) ట్యూబులు మూడు, ఒక ప్లెయిన్ ట్యూబు. హెపారిన్ ట్యూబు వద్దు, అది పీసీఆర్‌ని అడ్డుకుంటుంది. ఒక మిల్లీలీటర్ రక్తం నుంచి మామూలుగా 20 నుంచి 40 మైక్రోగ్రాముల డీఎన్‌ఏ వస్తుంది, కాబట్టి రక్తం తక్కువైందన్న ఇబ్బంది ఉండదు. డీఎన్‌ఏ కొలత కాంతి శోషణ చూసే నానోడ్రాప్‌తో సరిపెట్టకుండా, డీఎన్‌ఏకి అతుక్కునే రంగుతో కొలిచే క్యూబిట్‌తో తీయండి. నానోడ్రాప్ ఆర్‌ఎన్‌ఏని కూడా కలిపి ఎక్కువ చూపిస్తుంది. శుద్ధత చూపే 260/280 నిష్పత్తి 1.8 చుట్టుపక్కల ఉండాలి. వీలైతే ఆర్‌ఎన్‌ఏ కోసం, దాన్ని చెడకుండా ఉంచే పాక్స్‌జీన్ ట్యూబు ఒకటి తీసి ఉంచండి, ఎందుకో కింద చెబుతాను. స్టెమ్ సెల్ మార్పిడి చేయించుకున్న పేషెంటైతే రక్తంలోని డీఎన్‌ఏ దాతది. బుగ్గ స్వాబ్‌లో కూడా తెల్ల కణాలు కలుస్తాయి, గోరు ముక్కలు మేలు. మీ కేసులో ఆ చిక్కు లేదు.

సీరాలజీ ఒక జీన్‌ని చూపించి, ఆ జీన్‌కి పోలికలున్న తోబుట్టువు జీన్ లేకపోతే, శాంగర్ (ఒక్కో ముక్కని విడిగా చదివే పాత పద్ధతి) చాలు. సీడీ55, సీడీ44, కెల్, డఫీ, కిడ్ అన్నీ ఈ కోవే. సీడీ55కి పదకొండు ఎక్సాన్లు (ప్రోటీన్ కోడ్ ఉన్న ముక్కలు). ఒక్కోదానికి 400 నుంచి 700 బేసుల ఆంప్లికాన్ (పీసీఆర్‌లో పెరిగే ముక్క) వచ్చేలా ప్రైమర్లు (ఆ ముక్క రెండు చివరల్ని గుర్తించే చిన్న డీఎన్‌ఏ పోగులు) పెట్టండి. శాంగర్ రీడ్‌లో మొదటి 30-50 బేసులు చదవడానికి పనికిరావు, అందుకని ప్రైమర్ ఎక్సాన్ అంచుకి కనీసం 60-100 బేసులు బయట ఉండాలి, లేకపోతే ఎక్సాన్ అతుకు చోటు, అంటే స్ప్లైస్ సైటు, జారిపోతుంది. 25 మైక్రోలీటర్ల రియాక్షన్‌లో 50 నానోగ్రాముల డీఎన్‌ఏ, 30 నుంచి 35 సైకిళ్లు. మొదటి ఎక్సాన్లో జీసీ ఎక్కువై బ్యాండ్ రాకపోతే 5 శాతం డీఎంఎస్‌ఓ కలపండి. ఒక వైపు చదివి ఆపకండి, రెండు దిశల్లోనూ చదవాలి.

ఇక్కడ అందరూ పడే గుంట ఒకటుంది. ప్రైమర్ చివరి రెండు మూడు బేసుల కింద ఎక్కడో మామూలు ఎస్‌ఎన్‌పీ (ఒక్క బేసు తేడా) ఉంటే, ఒక కాపీ ఆంప్లిఫై కాదు. మిగిలిన కాపీయే చదివి 'హోమోజైగస్' (రెండు కాపీలూ ఒకటే) అని రాసేస్తారు. హై ప్రివలెన్స్ (దాదాపు అందరిలో ఉండే) యాంటిజెన్ పోవాలంటే మామూలుగా రెండు కాపీలూ చెడాలి కాబట్టి, హోమోజైగస్ అన్న జవాబు చూడగానే అనుకున్నది దొరికిందని సంతోషం వేస్తుంది. ఆగి, అదే ఎక్సాన్‌కి వేరే చోట ప్రైమర్లు పెట్టి ఇంకోసారి చదవండి. తల్లిదండ్రుల నమూనాలు దొరికితే ఇద్దరిలోనూ ఆ మార్పు ఒక్కో కాపీ ఉండాలి. తండ్రిలో ఉండి తల్లిలో లేకపోతే, తల్లి నుంచి వచ్చిన కాపీలో ఆ ముక్క మొత్తంగా ఎగిరిపోయి ఉండొచ్చు. అది శాంగర్‌కి కనబడదు. మన వైపు మేనరికాలు ఉన్నాయి కాబట్టి నిజమైన హోమోజైగస్ రావడం అరుదేమీ కాదు. కుటుంబ వృక్షం గీసేటప్పుడు 'దగ్గరి సంబంధమా' అని అడిగితే చాలామంది లేదంటారు. 'మేనమామనా, మేనబావనా, అత్త కొడుకా' అని పేరుపేరునా అడగండి, తాతల తరం దాకా.

మార్పు దొరికినా అది ఏం చేస్తుందన్నది వేరే ప్రశ్న. క్రోమర్‌లోనే డీఆర్ ఎ నెగటివ్‌లో 596వ స్థానంలో సీ బదులు టీ వస్తుంది. చూడడానికి ఒక అమైనో ఆమ్లం మార్పే. నిజానికి అదే మార్పు స్ప్లైసింగ్‌ని కూడా పాడుచేసి ఎంఆర్‌ఎన్‌ఏలో 44 బేసులు పోయేలా చేస్తుంది, అందుకే ఆ కణాల మీద సీడీ55 మొత్తంగానే తక్కువ. జీనోమిక్ డీఎన్‌ఏ మాత్రమే చూసినవాళ్లకి ఇది అర్థం కాదు. పాక్స్‌జీన్ ట్యూబు తీసి ఉంచమన్నది ఇందుకే.

ఇప్పుడు అసలు తలనొప్పి, ఆర్‌హెచ్. ఆర్‌హెచ్‌డీ, ఆర్‌హెచ్‌సీఈ ఒకటో క్రోమోజోమ్ మీద పక్కపక్కనే ఎదురెదురు దిశల్లో ఉంటాయి, వరస చాలా భాగం ఒకటే. ఒకేసారి చదివే 150 బేసుల చిన్న ముక్కకి, అంటే షార్ట్ రీడ్‌కి, తను ఏ జీన్ నుంచి వచ్చిందో తెలియదు. రీడ్లని జీనోమ్‌లో వాటి చోట పెట్టే అలైనర్ మ్యాపింగ్ క్వాలిటీ సున్నా వేస్తుంది, మార్పులు పట్టే వేరియంట్ కాలర్ ఆ రీడ్లని పక్కన పడేస్తుంది, రిపోర్టులో 'మార్పు లేదు' అని వస్తుంది. పెద్ద సి యాంటిజెన్ ఉన్నవాళ్లలో ఆర్‌హెచ్‌సీఈ రెండో ఎక్సాన్ అచ్చం ఆర్‌హెచ్‌డీ రెండో ఎక్సాన్‌లాగే ఉంటుంది. ఆ రీడ్లు వెళ్లి ఆర్‌హెచ్‌డీ మీద పడతాయి. పెద్ద సి మన జనంలో ఎక్కువ, కాబట్టి ఈ చిక్కు ప్రతి బ్యాచ్‌లోనూ ఎదురవుతుంది. ఐజీవీ అనే వ్యూయర్‌లో తెరిచి ఎక్సాన్ల వారీగా లోతు (డెప్త్, అంటే ఎన్ని రీడ్లు పడ్డాయో) చూడండి. ఆర్‌హెచ్‌సీఈ రెండో ఎక్సాన్ పలచబడి ఆర్‌హెచ్‌డీ రెండో ఎక్సాన్ చిక్కబడితే అక్కడ పెద్ద సి ఉన్నట్టు. ఆర్‌హెచ్‌సీఈ రెండో ఇంట్రాన్‌లోని (ఇంట్రాన్ అంటే ఎక్సాన్ల మధ్య భాగం) 109 బేసుల ఇన్సర్షన్‌తో దాన్ని నిర్ధారించుకోవచ్చు.

వీక్ డీ (డీ యాంటిజెన్ బలహీనంగా ఉన్న) కేసుల్లో పాశ్చాత్య కిట్లు టైప్ 1, 2, 3 కోసం తయారైనవి. మన దేశపు వీక్ డీ నమూనాల మీద 2018లో వచ్చిన అధ్యయనంలో ప్రధానంగా బయటపడింది మూడో ఎక్సాన్‌తో కూడిన ఒక ముక్క రెండుసార్లు ఉండటం. కొత్త బేసేమీ లేదు, ఉన్నదే రెట్టింపు. శాంగర్‌లో అది శుద్ధంగా మామూలు ఆర్‌హెచ్‌డీలా చదువుతుంది. షార్ట్ రీడ్లతో చదివే ఎన్‌జీఎస్‌లోనైనా ఎవరైనా డెప్త్ లెక్క వేస్తేనే పట్టుబడుతుంది. రెండు కాపీలున్న చోట నిష్పత్తి 1 అనుకుంటే, ఒక కాపీ పోతే 0.5, ఒకటి పెరిగితే 1.5. ఈ లెక్క నమ్మాలంటే అదే రన్‌లో జైగోసిటీ (ఎన్ని కాపీలున్నాయో) తెలిసిన రెండు మూడు నమూనాలు ఉండాలి. వేరే రన్ల డెప్త్‌తో పోల్చితే తప్పు వస్తుంది.

రిఫరెన్స్ జీనోమ్ తప్పుదారి పట్టించే చోటు ఇంకొకటి, ఏబీఓ. రిఫరెన్స్ కూర్పులు జీఆర్‌సీహెచ్37లోనూ 38లోనూ ఆ చోట ఉన్నది ఓ అల్లీలు (జీన్ రూపం), 261వ స్థానంలో జీ పోయినది. అందుచేత మామూలు ఏ గ్రూపు మనిషి ఫైల్లో ఆరో ఎక్సాన్లో 'ఇన్సర్షన్' కనబడుతుంది, ఓ మనిషికి ఏమీ కనబడదు. కొత్తగా చేరినవాళ్లు దీన్ని ఫ్రేమ్‌షిఫ్ట్ అనుకుని కంగారు పడతారు. ఎక్సాన్లు మాత్రమే చదివే పద్ధతుల్లో బయటపడనివీ ఉన్నాయి: డఫీ జీన్‌ని ఆన్ చేసే ప్రమోటర్‌లోని మైనస్ 67 మార్పు, బీఎం (బలహీన బి) రకంలో ఏబీఓ మొదటి ఇంట్రాన్‌లోని ఎన్‌హాన్సర్ పోయే 5.8 కిలోబేసుల డిలీషన్. బాంబే కేసుల్లో మన దేశంలో తరచు కనబడేది ఎఫ్‌యూటీ1లో 725వ చోట టీ బదులు జీ, దానితోపాటు ఎఫ్‌యూటీ2లో దాదాపు 10 కిలోబేసుల డిలీషన్. ఆ రెండోది ఫైల్లో 'కవరేజ్ రాలేదు' అన్నట్టు కనబడుతుంది. పక్క నమూనాలన్నిటిలో కవరేజ్ బాగుండి ఒక్కదానిలో సున్నా అయితే అది ఫెయిలైన ప్రోబ్ కాదు, జవాబు.

ఆర్‌హెచ్, ఎంఎన్‌ఎస్ హైబ్రిడ్లకి (రెండు జీన్ల ముక్కలు కలిసిపోయిన రకాలకి) లాంగ్ రీడ్ (వేల బేసులు ఒకేసారి చదవడం) పెట్టడమే నయం. నానోపోర్ అయితే ఆర్10.4.1 ఫ్లో సెల్, వీ14 లైగేషన్ కిట్, 1 మైక్రోగ్రాము డీఎన్‌ఏ. డీఎన్‌ఏ తీసేటప్పుడు వర్టెక్స్ చేయకండి, వెడల్పు మూతి టిప్స్ వాడండి, కరిగించి గడ్డకట్టించడం పదే పదే చేయకండి. లేదంటే పొడుగు ముక్కలు విరిగిపోయి మళ్లీ షార్ట్ రీడ్ దగ్గరికే వస్తారు. పాక్‌బయో హైఫై 15 నుంచి 20 కిలోబేసుల రీడ్లు చాలా కచ్చితంగా ఇస్తుంది, దొరికితే అది మేలు. డబ్బు ఆదా కోసం లాంగ్ రేంజ్ పీసీఆర్ చేసి చదివేవాళ్లు ఒక సంగతి గుర్తుంచుకోవాలి. సగం పెరిగిన పోగు తర్వాతి సైకిల్‌లో ఇంకో కాపీ మీద అతుక్కుని, లేని హైబ్రిడ్‌ని తయారుచేస్తుంది. సైకిళ్లు 25కి తగ్గించండి, ఎక్స్‌టెన్షన్ కిలోబేసుకి నిమిషం చొప్పున ఇవ్వండి. హైబ్రిడ్ రీడ్లు మొత్తంలో ఐదో పదో శాతమే ఉంటే వాటిని నమ్మకండి. నిజమైన హెటెరోజైగస్ హైబ్రిడ్ సగం చుట్టుపక్కల ఉంటుంది.

ఎక్సోమ్, జీనోమ్ ఎప్పుడంటే, ఎంజైముల వరస ఏ వ్యవస్థకీ సరిపోనప్పుడు, లేదా అనుమానించిన జీన్ శుభ్రంగా ఉన్నప్పుడు. 1972లో గుర్తించిన ఏఎన్‌డబ్ల్యూజే యాంటిజెన్ వెనక ఎంఏఎల్ జీన్ ఉందని 2024లో బయటపడింది ఎక్సోమ్ వల్లే. వెల్ యాంటిజెన్ లేకపోవడానికి కారణం ఎస్‌ఎంఐఎం1 జీన్‌లో 17 బేసుల డిలీషన్ అని 2013లోగానీ తెలియలేదు. ఒక్కరి ఎక్సోమ్ కంటే, యాంటీబాడీ ఉన్న పేషెంటుదీ, కణాలు కలిసిన తోబుట్టువుదీ, కలవని తోబుట్టువుదీ మూడూ కలిపి చదివితే వడపోత సులువు. దొరికిన మార్పు ఎంత అరుదో చూడడానికి అంతర్జాతీయ పట్టిక నోమాడ్‌లోని దక్షిణాసియా అంకె ఒక్కటే చాలదు. భారతీయుల ఇండీజెన్ 1,029 మంది జీనోములు, బెంగళూరు ఐఐఎస్‌సీ ప్రాంగణంలోని సెంటర్ ఫర్ బ్రెయిన్ రీసెర్చ్ ముందుండి నడిపిన జీనోమ్ ఇండియా కూడా చూడాలి. మన దగ్గర సాధారణమైనది ప్రపంచ పట్టికలో అరుదుగా కనబడటం ఎక్కువే.

అరుదైన మార్పు దొరికినంత మాత్రాన కొత్త బ్లడ్ గ్రూప్ కాదు. ఐఎస్‌బీటీ అల్లీల్ పట్టికలో లేదని ధ్రువపరుచుకోవాలి, అదే మార్పు రెండు కాపీలున్న తోబుట్టువు కణాలు పేషెంటు ప్లాస్మాతో కలవాలి, ఆ ప్రోటీన్‌ని హెచ్‌ఈకే293 లాంటి ల్యాబ్ కణాల్లో పుట్టించి యాంటీబాడీ పట్టుకోవడం లేదని చూపించాలి. ముంబైలోని జాతీయ ఇమ్యునోహెమటాలజీ సంస్థ ఐసీఎంఆర్ ఎన్‌ఐఐహెచ్‌ని ముందే సంప్రదించండి. బయటికి పంపాల్సి వస్తే ప్లాస్మా డ్రై ఐస్‌లో, ఎర్ర కణాలు మాత్రం 2 నుంచి 8 డిగ్రీల్లో గడ్డకట్టకుండా వెళ్లాలి. రెండూ ఒకే పెట్టెలో పెట్టి కణాలు పగలగొట్టుకున్న పార్సిళ్లు తక్కువేం కావు.

ఇదంతా సాగుతుండగా పేషెంటు సంగతి. ఈ ఆపరేషన్ అత్యవసరం కాకపోతే వాయిదా వేయించండి. 7.8తో ఆటోలోగస్ (సొంత రక్తం ముందే తీసి ఉంచడం) కుదరదు, దానికి 11 ఉండాలి. ఐరన్ లోపం అయితే సిరలోకి ఐరన్ ఇప్పించి, రక్తస్రావం ఆపే మందులు వాడితే అక్కడికి చేరొచ్చు. థియేటర్‌లో సెల్ సేవర్ (కారిన రక్తాన్ని కడిగి తిరిగి ఎక్కించే యంత్రం) సిద్ధంగా ఉంచమనండి. సొంత అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లని ఈ వారమే పిలిపించండి, తల్లిదండ్రులిద్దరూ చెరో కాపీ మోస్తుంటే ఒక్కొక్కరికి నాలుగింట ఒక వంతు అవకాశం. భర్త మేనమామ అయితే ఆయన్నీ పరీక్షించండి. రక్తసంబంధీకుల యూనిట్ ఎక్కించే ముందు 25 గ్రే ఇర్రేడియేషన్ మరువకండి, లేకపోతే గ్రాఫ్ట్ వర్సెస్ హోస్ట్ (దాత తెల్ల కణాలు పేషెంటు శరీరం మీద దాడి చేయడం) వచ్చే ప్రమాదం ఉంది, అది వస్తే బతికించడం కష్టం. కలిసిన తోబుట్టువు దొరికితే ఒక యూనిట్ 40 శాతం గ్లిజరాల్‌తో మైనస్ 65 లేదా అంతకన్నా చల్లగా గడ్డకట్టించి పెట్టుకోవచ్చు. ఓపెన్ పద్ధతిలో కడిగాక అది 24 గంటల్లో వాడేయాలి. జీనోటైప్ రిపోర్టు ఎంత బాగున్నా ఐఏటీ క్రాస్‌మ్యాచ్ చేయకుండా ఏ యూనిట్టూ ఇవ్వకండి.

కైమోట్రిప్సిన్, డీటీటీ ఫలితాలు రాగానే గ్రేడింగుతో సహా ఇక్కడే పెట్టండి, కంట్రోల్ కణాలవి కూడా. వాటినిబట్టి సీడీ55 ప్రైమర్లు ఆర్డర్ చేయాలా, ఇంకెక్కడైనా చూడాలా అన్నది చెప్పొచ్చు.